అప్పులిచ్చే ఉద్యోగానికి అమ్మాయిని పంపాలా?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. అమ్మాయి హనుమకొండలో బీకాం పూర్తి చేసింది. ఒక మైక్రోఫైనాన్స్ సంస్థ ఫీల్డ్ ఆఫీసర్‌గా రమ్మంది. పేదలకు మేలు చేసే పని అని తను, వసూళ్ల పని అని నేను. ఏం చేయమంటారు?

జవాబు: ఇద్దరి మాటా నిజమేనండి. ఊరూరా తిరిగి కిస్తీలు తేవడం, కొత్తగా అప్పు అడిగినవాళ్ల ఇల్లు చూసి రావడం, ఆ ఉద్యోగమంటే చాలావరకు ఇదే. 2010లో వసూళ్ల ఒత్తిడికి ప్రాణాలు తీసుకున్నారన్న వార్తలు వచ్చి, ఉమ్మడి రాష్ట్రం ఈ సంస్థలను కట్టడి చేస్తూ ఆర్డినెన్సు తెచ్చింది. మీ టెన్షన్ అక్కడిదే అనుకుంటా.

అప్పు చేతికొస్తే పేదరికం పోదు. పాడి గేదె కొన్న ఇంటికి పాల డబ్బు వస్తూనే ఉంటుంది, వారం వారం కిస్తీ కట్టగలరు. అదే అప్పు మిర్చి తోటలో పెడితే, సరుకు ఏనుమాముల మార్కెట్‌కు చేరేదాకా నెలల తరబడి చేతిలో రూపాయి ఉండదు. కిస్తీ మాత్రం ఆగదు. ఇక ఆ కిస్తీకి నూటికి మూడు రూపాయల వడ్డీకి ఇంకోచోట తెస్తారు. హైదరాబాద్ బస్తీల్లో ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో వాళ్లు చేసిన అధ్యయనంలోనూ వ్యాపారాల్లో పెట్టుబడి పెరిగింది గానీ ఇంటి ఖర్చు సగటున పెరిగినట్టు కనిపించలేదు.

ఆర్‌బీఐ 2022లో ఒక హద్దు పెట్టింది: ఇంటి అప్పులన్నిటి కిస్తీలు కలిపినా నెల ఆదాయంలో సగం దాటకూడదు. ఆ ఆదాయం ఇంటికెళ్లి రాసుకొచ్చేది మీ అమ్మాయి లాంటివాళ్లే. టార్గెట్ కోసం అంకె పెంచి రాయకుండా ఉండగలిగితే, మేలు అక్కడ ఉంది.

చేరేముందు అక్కడ పనిచేస్తున్న పిల్లల్ని అడగండి. రాని కిస్తీ జీతంలో కోస్తున్నారా? సాయంత్రం 6 దాటాక బాకీ కోసం ఫోన్ చేయకూడదన్న నిబంధన పాటిస్తున్నారా? పెట్రోలు ఖర్చు ఎవరిది? మేనేజరు చెప్పే జవాబు ఎలాగూ తీపిగానే ఉంటుంది.

జవాబులు బాగుంటే రెండేళ్లు చేయనివ్వండి, పక్కన గ్రామీణ బ్యాంకు పరీక్షలకు, నాబార్డ్ (వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు) గ్రేడ్ ఎ ఆఫీసరు పరీక్షకు చదువుకుంటూ. ఆ ఇంటర్వ్యూల్లో పల్లె అప్పుల గురించి అడిగితే తను చూసిందే చెప్పొచ్చు.

వాళ్లమ్మ పొదుపు సంఘంలో ఉంటే ఈ నెల మీటింగ్‌కు తననూ తీసుకెళ్లమనండి. ఆ రోజు తీర్మానాల పుస్తకం తనే రాయాలి. ఎవరు ఎందుకు అప్పు అడిగారో, ఎవరు కట్టలేకపోయారో విని, ఇంటికొచ్చి ఏమంటుందో చూడండి.