గోరింట పొదలో ‘చక్’ అంటున్నది

చిరంజీవి చిట్టితల్లికి,

పెద్దమ్మ ఆశీస్సులు. మీ గోరింట పొదలో ‘చక్’ అంటున్న పిట్ట ఏదో చెప్పమని నువ్వు పంపిన ఏడు ఫొటోలూ చూశాను. ఐదింటిలో ఆకులే ఉన్నాయి, ఒకదానిలో తోక. టెన్షన్ పడకు, ఈ పిట్ట దగ్గర అందరి గతీ ఇదే. నా అంచనా బ్లిత్స్ రీడ్ వార్బ్లర్ అని, చలికాలానికి మన దగ్గరికి వచ్చే చిన్న వలస పిట్ట.

కెమెరా పక్కన పెట్టి ముందు చెవి పెట్టు. పొద్దున్నే పొదలోంచి, నాలుక అంగిట కొట్టినట్టు “చక్... చక్” అని ఆగి ఆగి వినిపిస్తే అదే. చెట్టు పైకొమ్మల్లోంచి “చి-స్వీ” అని రెండు ముక్కలుగా వస్తే అది గ్రీనిష్ వార్బ్లర్. అది ఇంకా చిన్నది, ఆకుపచ్చ ఛాయ, కంటిపైన పొడుగాటి లేత గీత, రెక్క మీద సన్నని చార. మన పిట్ట రెక్కకు చార ఉండదు. కంటిపై గీత కూడా కన్ను దాటీ దాటకముందే ఆగిపోతుంది. పైన మట్టిరంగు, కింద మాసిన తెలుపు. అంతకుమించి అందం అడక్కు. రెండూ ఒకే పెరట్లో ఉండొచ్చు, ఒకటి మేడ మీద, ఇంకోటి కింది వాటాలో.

దర్జీ పిట్ట అనుకుని నేను మూడేళ్ళు పొరబడ్డాను. దాని నెత్తి ఇటుకరంగు, తోక నిక్కబొడుచుకుని తిరుగుతుంది, ఏడాదంతా ఇక్కడే ఉంటుంది. ఇదేమో వినాయక చవితి రోజుల్లో దిగి ఏప్రిల్ దాకా ఉంటుంది. గూడు పెట్టేది ఫిన్లాండ్ నుంచి సైబీరియా దాకా ఉన్న చల్లని నేలల్లో. తులం బంగారమంత బరువు, అంత ప్రయాణం! అక్కడ మగపిట్ట రాత్రిళ్ళు వేరే పిట్టల గొంతులు అనుకరిస్తూ పాడుతుంది. ఇక్కడ వెళ్ళబోయే ముందు, తెల్లవారగట్ల, కాస్త గొణుగుతుంది. ఆ గొణుగుడు కోసం మార్చి నుంచీ చెవి వేసి ఉంచు.

కలకత్తా ఏషియాటిక్ సొసైటీ మ్యూజియం చూసుకున్న ఎడ్వర్డ్ బ్లిత్ 1849లో దీన్ని వర్ణించాడు, ఆ పేరు అలా వచ్చింది.

పొద చుట్టూ తిరగకు. పది అడుగుల దూరంలో కుర్చీ వేసుకుని కదలకుండా కూర్చో. చలికాలమంతా అది తన పొదల్ని పట్టుకునే ఉంటుంది కాబట్టి ఇవాళ కాకపోతే రేపు కనిపిస్తుంది. ఫోనులో దాని కూత పెట్టి మాత్రం రప్పించకు. ఇంకో పిట్ట తన జాగాలోకి వచ్చిందనుకుని కంగారుపడుతుంది.

ఆ గోరింట కొట్టించేస్తానని మీ అమ్మ అంటోందటగా. ఏప్రిల్ దాటేదాకా ఆగమని నా మాటగా చెప్పు.

మీ పెద్దమ్మ