చలికాలంలో మన చెట్లు

చిన్నీ,

హ్యూస్టన్ ఇంటి వెనక కరివేపాకు, మునగ, మామిడి పెట్టాలని ఉందన్నావు. పెట్టు తల్లీ. ఇక్కడి ఎండా ఉక్కా మన కోస్తా చెట్లకి కొత్త కాదు. ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా వాటి గురించి టెన్షనే ఉండదు. ఇబ్బందల్లా చలికాలంలో నీళ్ళు గడ్డకట్టించే ఆ కొద్ది రాత్రులతోనే.

కరివేపాకుని మాత్రం కుండీలోనే ఉంచు. ఇక్కడి బంకమట్టిలో నీళ్ళు నిలుస్తాయి, చలికి నిద్రపోతున్న వేరు ఆ తడిలో కుళ్ళిపోతుంది. రాత్రి 50 డిగ్రీల ఫారెన్‌హీట్ కిందికి దిగుతోందంటే కుండీని లోపలికి తెచ్చుకో. డిసెంబర్‌లో ఆకు పండి రాలుతుంది. అయ్యో ఎండిపోతోందని అందరం అప్పుడే నీళ్ళు గుమ్మరిస్తాం, ఎరువు వేస్తాం. చలికన్నా ఆ నీళ్ళకి చచ్చిన మొక్కలే నేను ఎక్కువ చూశాను. రెండు కణుపుల లోతు వేలు పెట్టి చూసి, పొడిగా ఉంటేనే గ్లాసెడు పొయ్యి. ఎరువు చిగురు కనబడ్డాకే. మొక్క ఇక్కడి నర్సరీలోనే కొనుక్కో, ఊరి నుంచి సూట్‌కేసులో తేవద్దు. నిమ్మజాతి చెట్లని చంపే గ్రీనింగ్ తెగులుని మోసే పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది, అందుకే రానివ్వరు.

మామిడి, మునగ దక్షిణం వైపు ఇటుక గోడ దగ్గర పెట్టు. పగలు పీల్చుకున్న వేడిని గోడ రాత్రికి వదులుతుంది. ఫ్రీజ్ వార్నింగ్ వస్తే మధ్యాహ్నమే వాటి మొదళ్ళు తడిపెయ్, తడినేల వేడిని బాగా పట్టి ఉంచుతుంది. ఇది నేలలో ఉన్నవాటికే సుమా, కరివేపాకు కుండీకి కాదు. పాత దుప్పటి నేలకి ఆనేలా కప్పి అంచుల మీద ఇటుకలు పెట్టు. వేడి పైకి లేచేది నేలలోంచే, కొమ్మలకి శాలువాలా చుట్టి కింద వదిలేస్తే లాభం లేదు. ప్లాస్టిక్ ఆకుకి తగలనివ్వకు. పొద్దున ఎండ రాగానే తీసెయ్. మామిడికి అంటు కట్టిన చోటు మునిగేదాకా మట్టి, ఎండాకులు పోగుచెయ్యి. ఆ కింద నుంచి చిగిరిస్తే నువ్వు కోరుకున్న పండు రాదు.

2021 ఫిబ్రవరిలో ఇక్కడ పెద్ద చలి వచ్చినప్పుడు దుప్పట్ల కింద వేడికి బల్బులు కూడా పెట్టాను. కరెంటే పోయింది. మునగ మెత్తబడి నల్లగా మాడిపోతే వారం తిరక్కుండా వేళ్ళతో సహా తవ్వించేశాను. పక్క వీధిలో నా స్నేహితురాలు తన చెట్టుని మొదట్లోకి నరికి వదిలేసింది. ఏప్రిల్ చివర్లో అది పిలకలేసింది. ఆ వేసవంతా మాకు మునగాకు వాళ్ళింటి నుంచే వచ్చింది. తవ్వించినందుకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అందుకే మార్చి దాటేదాకా కత్తెర పట్టకు. గోటితో బెరడు కొంచెం గీకి చూడు, లోపల పచ్చగా ఉంటే ఆ కొమ్మ బతికే ఉన్నట్టు. పచ్చదనం కనబడకపోయినా మే దాకా వేరు కదపకు. పాత దుప్పట్లు నా దగ్గర నాలుగున్నాయి, నవంబర్‌లోపే తెచ్చిస్తాను.

పెద్దమ్మ