మెడ మీద కాలినట్టు చార.. ఇది అక్కేనా?

ప్రశ్న: మాది బుచ్చిరెడ్డిపాళెం దగ్గర పల్లె. ఇంటి చుట్టూ వరి పొలాలే. కోతలు మొదలయ్యాక రాత్రిళ్లు ట్యూబ్‌లైట్ చుట్టూ పురుగులు ముసురుతున్నాయి. మొన్న నిద్ర లేచేసరికి మెడ మీద వాత పెట్టినట్టు ఎర్రటి చార, ఒకటే మంట. మర్నాటికి పొక్కులు లేచాయి. మా పాపకు మోచేతి మడతలో రెండు పక్కలా అలాగే వచ్చింది. అక్కి అంటున్నారు, జాజుతో రాయించుకోమంటున్నారు. ఇంట్లో అందరికీ అంటుకుంటుందేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఓ పాఠకురాలు

జవాబు: మీరు చెప్పినదాన్ని బట్టి ఇది అక్కిలా లేదమ్మా, పురుగు పాకినట్టుంది. పాప మోచెయ్యే అసలు గుర్తు. చెయ్యి ముడిచినప్పుడు ఒక పక్కనున్న విషం రెండో పక్కకు అంటుకుని జంట మచ్చలు పడతాయి. అక్కి అయితే నరం వెంబడి, ఒంటికి ఒకే పక్కన, గుత్తులుగా పొక్కుతుంది. చాలామందికి పొక్కుల కంటే ముందే అక్కడ సలుపు మొదలవుతుంది.

ఈ పురుగు పేరు పీడరస్. సెంటీమీటరు లోపే ఉంటుంది. సన్నగా, నలుపు, నారింజ పట్టీలతో, తోక పైకెత్తి పరుగెత్తుతుంది. కుట్టదు, కరవదు. మెడ మీద పాకినప్పుడు మనమే చేత్తో రుద్దేస్తాం. నలిగిన పురుగులోంచి పీడరిన్ అనే విషం చర్మానికి పూసుకుంటుంది. ఆ విషాన్ని తయారు చేసేది కూడా పురుగు కాదు, దాని ఒంట్లో ఉండే బ్యాక్టీరియా! మంట పుట్టడానికి ఒక్కోసారి రోజు పైనే పడుతుంది. మీ మెడ మీది చార ముందురోజు రాత్రిదే కావచ్చు. అందుకే పురుగు సంగతి ఎవరికీ గుర్తుండదు.

ఆ చోటును సబ్బుతో, నీళ్లతో బాగా కడగండి. తడిగుడ్డ వేస్తే, కాలమైన్ లోషన్ రాస్తే మంట తగ్గుతుంది. మంట ఎక్కువగా ఉంటే స్టెరాయిడ్ క్రీమ్ అవసరం కావచ్చు. అది డాక్టర్ రాసిస్తేనే వాడండి, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకోవద్దు. పొక్కులు చిదమకండి. జాజు, సున్నం, టూత్‌పేస్ట్ ఏవీ వద్దు. పగిలిన పొక్కు మీద మట్టి పూస్తే చీము పడుతుంది. వారం, రెండు వారాల్లో మానుతుంది. నల్ల మచ్చ మాత్రం కొన్నాళ్లు ఉంటుంది.

ఒకరి నుంచి ఒకరికి ఇది జబ్బులా అంటుకోదు. కానీ విషం అంటిన చేత్తో కన్ను నలిపితే రెప్ప వాచిపోతుంది. కాబట్టి దుప్పట్లు, తువ్వాళ్లు ఉతికేయండి, పాప గోళ్లు కత్తిరించండి. కన్ను ఎర్రబడితే ధారగా నీళ్లతో కడిగి, అదే రోజు కంటి డాక్టర్‌కు చూపించండి.

జ్వరం, చీము ఉన్నా, అక్కి అనే అనుమానం తీరకపోయినా ఆలస్యం చేయకండి. అక్కికి వైరస్ మందు 72 గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లకు, పెద్దవాళ్లకు ఇది మరీ ముఖ్యం. రాయించుకుంటూ కూర్చుంటే ఆ సమయం కాస్తా పోతుంది.

కోతలయ్యేదాకా లైటు కింద మంచం వేయకండి. కిటికీలకు మెష్, మంచానికి దోమతెర ఉండాలి. ఒంటి మీద పాకితే కొట్టకుండా ఊదేయండి, లేదా కాగితం మీదికి ఎక్కించి విదిలించండి. దీన్ని చంపాలని చేలో మందు మాత్రం కొట్టించకండి. వరికి పట్టే సుడిదోమను తినేది ఇదే.