తరగతి గ్రూపులో ఎగతాళి: ఫోను లాక్కోవాలా?

ప్రశ్న: అనంతపురం నుంచి వచ్చి బెంగళూరులోని మారతహళ్లిలో ఉంటున్నాం. మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. కన్నడ పాఠం చదువుతుండగా ఎవరో తన గొంతు రికార్డు చేసి, యాసను వెక్కిరిస్తూ తరగతి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. తర్వాత తన ఫొటోతో స్టిక్కర్లు కూడా చేశారు. పాప సరిగా తినడం లేదు, బడికి వెళ్లనంటోంది. ఈ సంగతి తన స్నేహితురాలి తల్లి చెబితే గానీ నాకు తెలియలేదు. ఫోను లాక్కోమని మావారు అంటున్నారు. పోలీసుల దగ్గరికి వెళ్లాలా?
- ఒక తల్లి

జవాబు: ఫోను లాక్కోకండి. చెబితే ఫోను పోతుందన్న భయంతోనే చాలామంది పిల్లలు ఇలాంటివి ఇంట్లో దాచిపెడతారు. తప్పు ఇతరులు చేస్తే శిక్ష తనకు పడిందని మీ అమ్మాయికి అనిపిస్తే, రేపు ఇంతకన్నా పెద్ద కష్టం వచ్చినా అది మీ దాకా రాదు. ఇందులో తన తప్పేమీ లేదనీ, కొత్త భాషను నలుగురి ముందు చదవడానికి ధైర్యం కావాలనీ మీరిద్దరూ తనతో స్పష్టంగా చెప్పండి.

పంపినవాళ్లు ఆ సందేశాలను అందరి ఫోన్లలోంచీ తొలగించే వీలుంది కనుక, పాపను పక్కన కూర్చోబెట్టుకుని, పంపినవారి నంబరు, తేదీ, సమయం కనిపించేలా ఈరోజే స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. గ్రూపు నుంచి బయటికి రావడం, బ్లాక్ చేయడం ఆ తర్వాతే.

ఆ పిల్లల ఇళ్లకు వెళ్లి నిలదీయకండి. అది పెద్దల గొడవగా మారి, సాయంత్రానికల్లా మళ్లీ ఆ గ్రూపుకే చేరుతుంది. ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, ఏం చర్య తీసుకున్నారో కూడా రాతలోనే అడగండి. స్టిక్కర్లు చేసింది ఒకరిద్దరే కావచ్చు, కానీ వాటికి నవ్వు గుర్తులు పెట్టినవాళ్లూ, చూసి ఊరుకున్నవాళ్లూ కలిసి పాపను ఒంటరిని చేశారు. అందుకే ఆ ఒకరిద్దరిని మందలించి వదిలేయకుండా, తరగతి మొత్తంతో మాట్లాడమని బడిని గట్టిగా కోరండి. ఇంట్లో తల్లికి చెప్పిన ఆ స్నేహితురాలు చాలా మంచి పని చేసింది. ఆ అమ్మాయిని మీ ఇంటికి పిలవండి, వీలైతే ఇద్దరినీ కలిసి బడికి పంపండి.

ఇక పోలీసుల సంగతి. నొప్పించే సందేశాలను శిక్షించే ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లో కొట్టివేసింది కనుక, వెక్కిరింత ఒక్కదానిపైనే కేసు నిలబడటం కష్టం. పైగా చేసినవాళ్లూ 18 ఏళ్లలోపు పిల్లలే. కానీ ఎవరైనా బెదిరించినా, ఫొటోను అశ్లీలంగా మార్చినా ఆలస్యం చేయకండి. మైనర్ల అశ్లీల చిత్రాలు అదే ఐటీ చట్టంలోని 67బి సెక్షన్ కిందా, పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం కిందా తీవ్రమైన నేరాలు. అలాంటి చిత్రాన్ని సాక్ష్యం పేరుతో కూడా ఎవరికీ ఫార్వర్డ్ చేయకుండా, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో గానీ దగ్గరి పోలీసు స్టేషన్‌లో గానీ ఫిర్యాదు చేయండి. పిల్లల సహాయానికి 1098 నంబరు ఉంది.

నాకు వీటన్నిటికన్నా ఎక్కువ ఆందోళన కలిగించింది, పాప తిండి మానేయడం. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడవచ్చు. బతకాలని లేదన్న మాట పాప నోట ఒక్కసారి వచ్చినా, ఊరికే అన్నదని సరిపెట్టుకోకండి, తనను ఒంటరిగా వదలకండి. హోసూరు రోడ్డులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ అత్యవసర విభాగం రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది, వెంటనే తీసుకువెళ్లండి.