హైదరాబాద్ వానకు ఆ హీటర్ కావాలి

మీ ప్రశ్న సారాంశం ఇది: నాన్నగారి 1981 నాటి పోర్షే 911 ఎస్‌సీలో హీటర్ పని చేయడం లేదు, ఇంజన్ గదిలో గాలిని నెట్టే ఎలక్ట్రిక్ బ్లోయర్ పట్టేసింది. దాన్ని తీసేసి 1974 వరకూ వచ్చిన కార్లలో ఉన్నట్టి పాత తరహా హీటింగ్ అమర్చుకోమని ఒకరు చెప్పారు, హైదరాబాద్‌లో హీటర్ దేనికి, మొత్తం మూయించెయ్యమని ఇంకొకరు చెప్పారు. రెండింటిలో ఏది మేలని అడిగారు. పాత తరహానే పెట్టించండి, మూయించవద్దు అని నా సమాధానం. మా మేనమామగారు 1984లో పశ్చిమ జర్మనీలో ఉద్యోగం ముగించుకుని వస్తూ తెచ్చుకున్న 1982 నాటి 911 ఎస్‌సీకి నేను దగ్గరుండి ఈ మార్పు చేయించాను. ఆ కారు ఇప్పటికీ మారేడుపల్లిలో మా ఇంటి ముందరి షెడ్డులోనే ఉంది.

హైదరాబాద్‌లో హీటర్ చలి కోసం కాదు, వాన కోసం. ఈ మాట అర్థం కాని వాళ్లే దాన్ని తీసేయమంటారు. ఏసీ లేని కారులో వానాకాలం తలుపుల అద్దాలు ఎత్తి ఇద్దరు మనుషులు కూర్చుంటే, పది నిమిషాల్లో ముందు అద్దమంతా ఆవిరి పట్టి పాలు పూసినట్టు అయిపోతుంది. అద్దం కొంచెం వెచ్చబడితే తప్ప ఆ ఆవిరి పోదు, గుడ్డతో తుడిస్తే అర నిమిషంలో మళ్లీ పడుతుంది.

ఒక ఆగస్టు నెలలో నేనూ మామయ్యా వికారాబాద్ దగ్గరి అనంతగిరి నుంచి తిరిగి వస్తున్నాం. చేవెళ్ల చేరకముందే చీకటి పడింది, వాన పట్టుకుంది. ఆ దారి తెలిసినవారికి చెప్పనక్కర్లేదు. రోడ్డుకు రెండు వైపులా పాతకాలపు మర్రిచెట్లు, వాటి మొదళ్లు తారు అంచును ఆనుకునే ఉంటాయి. నేను నడుపుతున్నాను, మామయ్య తన తువ్వాలుతో నా ముందరి అద్దాన్ని తుడుస్తూ ఉన్నారు. హ్యాండ్‌బ్రేక్ పక్కనున్న ఎర్ర పిడి లివర్ పైకి లాగాను. గాలి రాలేదు, కాలిన ఇంజన్ ఆయిల్ వాసన మాత్రం వచ్చింది. ఎదురుగా వచ్చిన లారీ లైట్లు ఆ ఆవిరి మీద పడగానే అద్దమంతా తెల్లటి తెర అయిపోయింది, ఎడమ పక్క చెట్టు మొదలు మీది సున్నపు పట్టీ ఒక్కటే కనబడింది, అదీ ఉండవలసినంత దూరంలో లేదు. "ఆపరా, చెట్టు కిందికి పోతున్నాం" అని మామయ్య అరిచారు. బండి పక్కకు తీసి ఆపి, వాన తగ్గేదాకా ముప్పావు గంట అక్కడే కూర్చున్నాం. అప్పటికి ఎనిమిదేళ్ల కిందటే ఆయన డెబ్బై దాటారు. ఆ రాత్రి ఆయన చేతుల వణుకు నేను మరచిపోలేదు.

మర్నాడు కారు పైకెత్తి చూస్తే సంగతి తెలిసింది. ఈ ఇంజన్‌ను చల్లబరిచేది నీళ్లు కాదు, గాలి, కాబట్టి మామూలు కార్లలోలాగా వేడి నీళ్ల హీటర్ ఉండదు. ఇంజన్‌ను చల్లబరిచే పెద్ద ఫ్యాన్ గాలిలోనే కొంత భాగాన్ని మళ్లించి, ఎగ్జాస్ట్ గొట్టాల చుట్టూ తొడుగులా ఉండే హీట్ ఎక్స్ఛేంజర్ల గుండా పంపుతారు. అక్కడ వేడెక్కిన గాలి తలుపుల కిందుగా ఉన్న బోలు దారుల్లోంచి పాదాల దగ్గరికీ ముందు అద్దం కిందికీ వస్తుంది. లివర్ కింద ఉంటే ఎక్స్ఛేంజర్ల ముందున్న మూత పెట్టెలు ఆ గాలిని బయటికి వదిలేస్తాయి. పాత కార్లలో ఏర్పాటు ఇంతే. తరువాతి కార్లలో మధ్యలో ఒక ఎలక్ట్రిక్ బ్లోయర్, దానికి రిలే, వైర్లు, అదనపు గొట్టాలు వచ్చి చేరాయి. ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు కూడా గాలి వస్తుందన్నది దాని లాభం. అయితే నలభై ఏళ్ల తరువాత ఆ మోటారు పట్టేస్తే అదే గాలికి అడ్డం అవుతుంది. మా కారులో మోటారు పట్టేసింది, అది చాలదన్నట్టు అంతకు ముందెప్పుడో ఒక గ్యారేజీవాళ్లు చిరిగిన గొట్టానికి బదులు వంటింటి చిమ్నీకి వాడే పలుచటి అల్యూమినియం గొట్టం తగిలించారు. ఎగ్జాస్ట్ పక్కన ఆ రేకు ఎన్నాళ్లు నిలుస్తుంది? వేలు పెట్టి నొక్కితే అప్పడంలా విరిగి చేతికి వచ్చింది. వేల రూపాయలు తీసుకుని ఇలాంటి పని చేసేవాళ్లను చూస్తే నాకు ఈనాటికీ కోపం వస్తుంది.

పాత తరహాకు మారడమంటే బ్లోయర్ తీసేసి రెండు గొట్టాలు కలపడమే అనుకోకండి. మీ పాత ఎక్స్ఛేంజర్లు గట్టిగా ఉంటే అంతే చాలు, ఒక రోజు పని. మావి తుప్పు పట్టి చిల్లులు పడ్డాయి కాబట్టి, 1974 నాటి పద్ధతిలో చేసిన స్టెయిన్‌లెస్ ఎక్స్ఛేంజర్లు తెప్పించాము. వాటితో ఒక్కో పక్క నుంచి ఎగ్జాస్ట్ విడిగా వెనక్కి వస్తుంది గనుక రెండు నోళ్లున్న సైలెన్సర్ కావాలి, ఇంజన్ ఆయిల్ ట్యాంకుకు వెళ్లే గొట్టం దారి కూడా మార్చాలి. ఇవన్నీ ముందే లెక్క వేసుకోకపోతే కారు జాకీల మీద నెలల తరబడి ఉండిపోతుంది.

అసలు కష్టం స్టడ్లతో, అంటే ఎగ్జాస్ట్‌ను ఇంజన్‌కు పట్టి ఉంచే తల లేని బోల్టులతో వచ్చింది. ఆరు సిలిండర్ హెడ్లకు రెండేసి చొప్పున 12 ఎగ్జాస్ట్ స్టడ్లు ఉంటాయి, 8 మిల్లీమీటర్లవి, ఉక్కువి. అవి దిగి ఉన్నది అల్యూమినియంలో, అందుకే ఏళ్లు గడిస్తే పట్టేస్తాయి. పది నట్లు బాగానే వచ్చాయి. పదకొండోది తిప్పుతుంటే స్పానర్ ఒక్కసారిగా తేలికైపోయింది. ఆ తేలిక చేతికి తెలిసిన వాడికి గుండె జారిపోతుంది: స్టడ్ విరిగి, అర అంగుళం మొండెం హెడ్‌కు అంటుకుని ఉండిపోయింది. గ్యారేజీలో కుర్రవాడు సుత్తీ శానమూ తీసుకువచ్చాడు. బాలానగర్‌లో ఆర్గాన్ వెల్డింగ్ చేసే ఒక ఉస్తాద్‌ను పిలిపించి ఉంచాను గనుక బతికిపోయాము. ఆయన చూస్తూనే, "సుత్తె పెట్టనియ్యకుండ్రి సార్, హెడ్డు పలిగితె మల్ల యాడ తెస్తరు?" అన్నారు. మొండెం మీద ఒక నట్టును ఉంచి, నట్టు రంధ్రంలోంచి లోపలికి వెల్డింగ్ పోశారు. ఎరుపు తగ్గి నల్లబడే వరకూ బీడీ కూడా ముట్టించకుండా చూస్తూ కూర్చున్నారు. తరువాత నట్టు మొదట్లో కొవ్వొత్తి మైనం తాకించారు, అది కరిగి మరల్లోకి దిగింది. అప్పుడు స్పానర్ పెట్టి పావు చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి, మళ్లీ ముందుకు, అలా ఇరవై నిమిషాలు. కిర్రుమని ఒక చిన్న చప్పుడు వచ్చింది, మరలు చెడకుండా మొండెం బయటికి వచ్చింది. ఆయన అడిగిన కూలికి రెట్టింపు ఇచ్చాను. ఇలాంటి చేయి తిరిగిన మనిషి ఈ ఊళ్లో ఇంకా ఉన్నాడు, మీరు వెతికితే దొరుకుతాడు. అద్దాల గోడల షోరూములో మాత్రం దొరకడు.

ఎక్స్ఛేంజర్లను ఇక్కడే చేయిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. రాణిగంజ్‌లో కొన్న స్టెయిన్‌లెస్ రేకును అయస్కాంతం అంటలేదు కాబట్టి తుప్పుకు బాగా తట్టుకునే 304 రకమేనని చెబుతారు. చవకరకం 202 కూడా అయస్కాంతానికి అంటదు. పైగా ఇక్కడ జరిగే పొరపాటు ఖరీదు డబ్బు కాదు. లోపలి ఎగ్జాస్ట్ గొట్టానికి చిల్లు పడితే కార్బన్ మోనాక్సైడ్ నేరుగా మీరు కూర్చున్న చోటికి వస్తుంది, దానికి రంగూ వాసనా లేవు. అందుకని కొత్తవైనా పాతవైనా బిగించే ముందు తూటు బిందెను పరీక్షించినట్టే పరీక్షించండి: ఎగ్జాస్ట్ గొట్టాల కింది నోళ్లు మూసి, నీళ్లు నింపి, రాత్రంతా నిలబెట్టి ఉంచండి. తెల్లవారేసరికి గాలి నోట్లోంచి ఒక్క చుక్క కూడా కారి ఉండకూడదు. ఆయిల్ వాసన వేరే సంగతి. అది వాల్వ్ కవర్ గ్యాస్కెట్ల (ఇంజన్ మూతల కింద నూనె కారకుండా వేసే పట్టీల) నుంచి ఎక్స్ఛేంజర్ మీద పడిన నూనె కాలే వాసన. గ్యాస్కెట్లు మారిస్తే పోతుంది. ఆ వాసన పేరు చెప్పి హీటర్ మూసేయించుకున్న కార్లు నేను రెండు చూశాను.

మూయించమనేవాళ్లు చెప్పే ఇంకో కారణం ఎండాకాలం. మే నెలలో 42 డిగ్రీల ఎండలో కుడికాలికి వేడిగాలి కొడుతుందంటారు. కొడుతుంది, మూత పెట్టె సరిగా మూసుకోకపోతే. దాన్ని లాగే తీగ సాగి ఉంటుంది, లేదా మూత ఇరుసు తుప్పు పట్టి సగంలో నిలిచిపోయి ఉంటుంది. ఇరుసుకు నూనె వేసి, తీగను బిగించి, లివర్ కింద ఉన్నప్పుడు మూత పూర్తిగా పడుతోందా అని కారు కింద పడుకుని కళ్లతో చూడాలి. గంట పని. ఆ గంట పని చేయలేక మొత్తం వ్యవస్థనే పీకేయమనడం పని వచ్చినవాళ్లు చెప్పే మాట కాదు.

పాత తరహాలో ఒక లోటు ఉంది, దాచను. బ్లోయర్ లేదు కాబట్టి ఇంజన్ తిరిగిన వేగాన్ని బట్టే గాలి వస్తుంది. ప్యారడైజ్ సిగ్నల్ దగ్గర ఆగితే దాదాపు ఆగిపోతుంది. అయినా అప్పటికే వెచ్చబడ్డ అద్దం ఆ రెండు నిమిషాలూ ఆవిరి పట్టలేదు. ఆ మరుసటి ఏడు వానల్లో అదే చేవెళ్ల దారిన మామయ్యను పక్కన కూర్చోబెట్టుకుని వచ్చాను. లివర్ లాగిన నాలుగైదు నిమిషాలకు అద్దం అడుగున అరచేయి వెడల్పున ఒక స్వచ్ఛమైన చోటు కనబడింది, అది మెల్లగా పైకి పాకింది. ఆయన తువ్వాలు మడిచి ఒళ్లో పెట్టుకుని, మొయినాబాద్ దాకా దాన్నే చూస్తూ కూర్చున్నారు.

చివరిగా, విప్పిన బ్లోయర్‌ను, దాని గొట్టాలను, రిలేను తుక్కువాడికి వేయకండి. రేపు కారును ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టు ఉంచాలని మీ పిల్లలు అనుకుంటే అవి కావాలి. మావి అట్టపెట్టెలో పెట్టి, ఏ గొట్టం ఎటు పక్కదో చీటీ రాసి అంటించి, మేడ మీద గదిలో ఉంచాను.