ఆ రెండు మాత్రలూ ఒకేసారి ఇవ్వకు

అమ్మలూ,

మందులకు లొంగని టీబీ వార్డులో నర్సుగా చేరుతున్నావని మీ అమ్మ చెప్పింది. గర్వంగా ఉంది. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. ఎన్‌95 మాస్క్ బిగుతుగా పెట్టుకో, కిటికీలు తెరిచి ఉంచు. ఇవి నీకు తెలిసినవే.

నా భయం వేరే. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, మా వార్డులో నీ వయసు అబ్బాయి ఉండేవాడు. బాగా పాలిపోయాడని ఐరన్ మాత్ర రాశారు. పొద్దున టీబీ మందు లీవోఫ్లాక్సాసిన్‌తో పాటే దాన్నీ చేతిలో పెట్టి, ఎదురుగా నిలబడి మింగించేదాన్ని. కడుపులో మంట అంటే యాంటాసిడ్ కూడా అప్పుడే పట్టేదాన్ని. ఎంతో శ్రద్ధగా చేస్తున్నానని అనుకున్నాను తల్లీ! ఆరు వారాలకు ఫార్మసిస్ట్ చార్ట్ చూసి నన్ను పక్కకు పిలిచాడు. ఐరన్, యాంటాసిడ్‌లోని అల్యూమినియం, మెగ్నీషియం ఆ మందును పేగులోనే పట్టేసుకుంటాయట. మాత్ర మింగినా రక్తంలోకి చేరేది తక్కువ. అరకొరగా మందు తగిలితే క్రిమి చావదు, మొండికేస్తుంది. ఆ అబ్బాయి చివరికి కోలుకున్నాడు. డిశ్చార్జి రోజు నాకు దండం పెడితే తలెత్తి చూడలేకపోయాను.

అందుకే లీవోఫ్లాక్సాసిన్‌కూ వీటికీ కనీసం 2 గంటలు ఎడం ఉంచు. అదే జాతి మందు మాక్సిఫ్లాక్సాసిన్ అయితే వీటికి 4 గంటల ముందు, లేదా 8 గంటల తర్వాత. ఇంటివాళ్లు తెచ్చే కాల్షియం, జింక్ మాత్రల సంగతి నువ్వే అడుగు, వాళ్లంతట వాళ్లు చెప్పరు. పాలిపోయిన ప్రతి మనిషికీ ఐరన్ కావాలని డాక్టర్‌ని తొందరపెట్టకు. టీబీ క్రిమికీ ఐరన్ కావాలి. అది క్రిమికి దొరక్కుండా మన ఒళ్లే ఐరన్‌ను దాచిపెడుతుంది. జబ్బు తగ్గేకొద్దీ చాలామందికి రక్తం దానంతటదే పుంజుకుంటుంది.

ఇంకొకటి, దీన్ని మాత్రం వాయిదా వెయ్యకు. బెడాక్విలిన్, క్లోఫాజిమిన్, మాక్సిఫ్లాక్సాసిన్ అనే టీబీ మందులు గుండె లయను దెబ్బతీయగలవు. వాంతులు, విరేచనాలతో పొటాషియం, మెగ్నీషియం పడిపోతే ఆ ప్రమాదం ఇంకా పెరుగుతుంది. మెగ్నీషియం తక్కువగా ఉంటే పొటాషియం ఎంత ఎక్కించినా నిలవదు. రాత్రి ఎవరికి వాంతులయ్యాయో రౌండ్స్ దాకా ఆగకుండా డాక్టర్‌కి చెప్పు. రక్తపరీక్ష, ఈసీజీ అడుగు. విసుక్కుంటే విసుక్కోనీ.

వేళకు తిను. మొదటి డ్యూటీ అయ్యాక ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి, మేలుకునే ఉంటాను.

నీ పెద్దమ్మ