నీ కథలో నక్క ఎందుకు? ఒక యువ రచయిత్రికి లేఖ

విజయవాడ

చి. అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు గుంటూరు నుంచి పంపిన గేదెదూడ, తెల్లకొంగల కథ అందింది. రెండుసార్లు నాలో నేను చదువుకుని, మూడోసారి మా మనవడికి పైకి చదివి వినిపించాను. మొదటి రెండు పుటలూ వాడు కదలకుండా విన్నాడు. మూడో పుటలో నక్క వచ్చి దూడకు కొంగ మీద చాడీలు చెప్పడం మొదలుపెట్టగానే, "ఇప్పుడది వాళ్లకి పోట్లాట పెడుతుంది, తర్వాత దానికి బుద్ధొస్తుంది" అని తేల్చేసి, బొమ్మల పెట్టె దగ్గరికి లేచిపోయాడు. ఆరేళ్లవాడికి ముందే తెలిసిపోయిన సంగతిని నువ్వు ఇంకా నాలుగు పుటలు నడిపించావు.

ఆ నక్క నీది కాదమ్మా. 1853లో వెలువడిన చిన్నయసూరి నీతిచంద్రికలోని మిత్రభేదం నుంచి, అంతకు ముందటి సంస్కృత పంచతంత్రం నుంచి, పిలవని పేరంటంలా మనందరి కథల్లోకీ వచ్చి కూర్చుంటుంది. అక్కడ పింగళకుడనే సింహానికీ సంజీవకుడనే ఎద్దుకూ మధ్య దమనకుడనే నక్క చిచ్చు పెట్టడానికి ఒక కారణం ఉంది. చాడీలు విన్న రాజు ఏం పోగొట్టుకుంటాడో రాచబిడ్డలకు చెప్పడం ఆ కథ పని, అందుకే అది ఎద్దు చావుతో గాని ముగియదు. నిద్రకు ముందు వినే పసివాడికి అంత రాజనీతి అక్కరలేదు. అదే గ్రంథంలోని మిత్రలాభం తీసి చూడు. లఘుపతనకమనే కాకి స్నేహం కోరి వస్తే హిరణ్యకమనే ఎలుక వెంటనే ఒప్పుకోదు, కాకికి తాను ఆహారమన్న సంగతి దానికి తెలుసు. కథకు కావలసిన బిగువంతా ఆ రెండింటి పుట్టుకలోనే ఉంది, మధ్యలో మూడో జంతువు వచ్చి తగవు పెట్టనక్కరలేదు. నీ దూడకూ కొంగకూ మధ్య అలాంటిదేముందో నువ్వు వెతకనేలేదు.

నిన్ను తప్పుపట్టే అర్హత నాకు పెద్దగా లేదనుకో. నా మొదటి కథలో పిల్లీ చిలకా ఒకే జామకాయను చెరిసగం తిన్నాయి. పత్రిక నుంచి తిరిగొచ్చిన ఆ రాతప్రతి అంచున ఎర్రసిరాతో "పిల్లి జామకాయ తింటుందా?" అన్న ఒక్క ప్రశ్న తప్ప మరేమీ లేదు. పిల్లి మాట్లాడితే అభ్యంతరం లేని పెద్దమనిషికి జామకాయ దగ్గర ఎందుకు అడ్డొచ్చిందని వారం రోజులు మండిపడ్డాను. ఆ తర్వాత మా వంటింటి గుమ్మంలో పాలగిన్నె కోసం కాచుకు కూర్చున్న పిల్లిని చూసినప్పుడు గాని ఆయన అడిగినది నాకు తలకెక్కలేదు. పిల్లలు జంతువుకు మాటలొచ్చాయంటే నమ్ముతారు గాని, రోజూ కళ్లెదుట తిరిగే పిల్లి ఆకలి మారిపోయిందంటే నమ్మరు.

కాబట్టి కాగితం పక్కన పెట్టి, పొద్దున్నే ఏదైనా కాలవ గట్టుకు పో. మేస్తున్న గేదె పక్కన పసుపు ముక్కు తెల్లకొంగ ఎలా నడుస్తుందో తీరికగా చూడు. గేదె అడుగు వేసినప్పుడల్లా గడ్డిలోంచి మిడతలు లేస్తాయి. కొంగ ఒళ్లు కదలనివ్వకుండా మెడను మాత్రం అటూ ఇటూ ఊపి, టక్కున ఒకదాన్ని అందుకుంటుంది. కొంగకు లాభం స్పష్టమే. గేదెకు ఏం ఒరుగుతోందో మాత్రం అంత తేలిగ్గా చెప్పలేం, ఒకటో రెండో ఈగలు తగ్గుతాయేమో. అయినా అది కొంగను తరమదు, ఒక్కోసారి వీపు మీద కూడా నిలబడనిస్తుంది. ఎందుకు? నీ దూడ తనను తాను ఆ ప్రశ్న వేసుకున్న రోజున నీ కథ మొదలవుతుంది.

వానలు పడ్డాక అదే కొంగకు తలా మెడా నారింజ రంగు తిరుగుతాయి. తొలకరి ముందు పుట్టిన దూడ అలాంటి కొంగను ఎన్నడూ చూసి ఉండదు, మరి గుర్తుపడుతుందా? పొలంలో ట్రాక్టరు దిగిందంటే గట్టు మీది కొంగలన్నీ నాగలి చాళ్ల వెంట పరుగెడతాయి, పురుగులు అక్కడే ఎక్కువ. దూడ ఒంటరిగా గట్టున నిలబడి చూస్తుంది. ఇందులో దుర్మార్గులెవరూ లేరు, కొంగ చేసినది తప్పు కూడా కాదు, అయినా దూడకు కష్టం కలిగింది. ఇంతకంటే పెద్ద తగవు ఐదేళ్ల పిల్లల మధ్య మాత్రం ఏముంటుంది? రోజూ తనతో ఆడే నేస్తం కొత్త సైకిలున్న పిల్లవాడి వెంట పోయిన సాయంత్రం వాళ్లందరికీ తెలుసు.

ఒకసారి ఒక బడిలో కథ చదువుతుంటే రెండో తరగతి పాప లేచి, "రాత్రికి కొంగ ఎక్కడ పడుకుంటుంది?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేక "దూడ పక్కనే" అన్నాను. ఆ పాప ముఖంలో కనబడిన అనుమానం ఇప్పటికీ నన్ను వదలలేదు. మీ ఊరికి దగ్గరలోనే ఉన్న ఉప్పలపాడు చెరువు దగ్గర పొద్దుగూకే వేళ నిలబడితే, గూడబాతులూ కొంగలూ గుంపులుగా వచ్చి చెట్ల మీద వాలడం కనిపిస్తుంది. దూడ కొట్టంలోకి, కొంగ చెట్టు మీదికి. ప్రతి సాయంత్రమూ ఈ విడిపోవడం ఉంటుంది, దాన్ని వదులుకోకు.

భాష గురించి చెప్పవలసింది తక్కువే. "స్నేహమాధుర్యం" అన్న మాట ఐదుచోట్ల ఉంది, ఐదూ కొట్టేశాను. చివర "కాబట్టి బాలలారా" అని మొదలయ్యే పేరా కూడా కొట్టేశాను, బాలలు అప్పటికే నిద్రపోయి ఉంటారు. దూడ బురదలో "జారిపడెను" అనకు, "జర్రున జారింది" అను, చదివే అమ్మ గొంతుకు పని దొరుకుతుంది. రంగుల గురించి నువ్వు రాసిన వర్ణనలు చాలావరకు బొమ్మ వేసేవారికి వదిలేయవచ్చు.

రాతప్రతి తిప్పి పంపుతున్నాను. మూడో పుట నుంచి నా గీతలే ఎక్కువ, నొచ్చుకోకు. రెండో పుటలో దూడ మొదటిసారి నీళ్లలో దిగి ముక్కు మాత్రం పైకి పెట్టినప్పుడు, కొంగ దాని నెత్తి మీద నిలబడి ఏమీ మాట్లాడకుండా ఉండిపోయే చోట మాత్రం నేను కలం పెట్టలేదు.